ఒక బొమ్మ - పలు సమాధానములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఏ గ్రామ గ్రంథాలయమునకు పోయి చూచినను ఒక వింత కానవచ్చును. నవలల అట్టలు చిరిగి యుండును. భారత భాగవతముల పుటలు చేతి చమురు పట్టి యుండును. గణిత పుస్తకము మాత్రము అచ్చయిన నాటి నిగనిగతో అలమరలో నిలిచి యుండును. పది పండ్రెండేండ్ల బాలుని పిలిచి, దానిని ఏల తీయవని అడిగినచో, "నాకు లెక్కలు రావండీ" అని తల వంచుకొనును. ఆ మాట చెప్పి వాడు గోళీల ఆటకు పరుగెత్తును. అక్కడ రెండు గోళీల నడుమ దూరమును కంటితోనే కొలిచి, ఏ కోణమున కొట్టినచో ఏ గోళీ ఎటు దొరలునో క్షణములో నిర్ణయించుకొనును. వాని అక్క గణితములో తప్పినదని ఇంటిల్లిపాదియు చెప్పుకొందురు. ఆమెయే తెల్లవారుజామున వాకిట ముప్పదియేడు చుక్కలు పెట్టి, ఒక్క చుక్క తప్పకుండ, ఒక్క గీత తెగకుండ ముగ్గు ముగించును. లెక్కలు రానివారు ఈ పనులు ఎట్లు చేయుచున్నారు?

వారికి లెక్క రాదనుట నిజము కాదు. బడిలోని లెక్క వారికి కనబడుట లేదు, అంతియే. కనబడని దానిని కంఠస్థము చేయవచ్చును గాని ప్రేమించుట కష్టము. పదవయేట "నాకు రాదు" అనిన మాట పదునారవయేట చదువు మానుటకు కారణమగుచున్నది. ముప్పదవయేట దస్తావేజుపై కన్నుమూసి చేవ్రాలు చేయుటకును అదియే కారణమగుచున్నది. కనుక ఇది బడికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. గ్రామమునకు అంతటికిని సంబంధించినది. బొమ్మను చూపి, పలు త్రోవలకును పలు సమాధానములకును చోటుండునట్లు ప్రశ్న నడిగినచో పిల్లలు గణితమునకు ఎట్లు దగ్గరయగుదురో తెలుపుటయే ఈ ప్రసంగ ప్రయోజనము.

మూసిన లెక్క, తెరచిన లెక్క

లెక్కలు రెండు తీరులుగా అడుగవచ్చును. "ఒక చేను పొడవు 150 లింకులు, వెడల్పు 50 లింకులు, వైశాల్య మెంత?" అనునది మొదటి తీరు. బాలుడు గుణించును. 7,500 చదరపు లింకులని వ్రాయును. ఉపాధ్యాయుడు సరియను గుర్తు పెట్టును. అంతటితో తలుపు మూతపడును. ఇది మూసిన లెక్క.

ఇక రెండవ తీరు. నేలపై సుద్దతో ఏమియు వ్రాయకుండ, ఒక త్రాటిని పిల్లల చేతికిచ్చి, "ఈ త్రాడు 400 లింకుల కంచె అనుకొనుడు. నాలుగు మూలలును సమకోణములుగా ఉండునట్లు చేను చుట్టుడు. ఎన్ని విధముల చేలు వచ్చును? బొమ్మలు గీయుడు. ఏ చేను మీరు తీసికొందురు? ఏల?" అని అడుగుట. ఇది తెరచిన లెక్క.

గొలుసు కొలత తెలిసిన పెద్దలకు ఈ లెక్క సులభముగా బోధపడును. కొలత గొలుసు 66 అడుగులు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఎకరమునకు 100 సెంట్లు. కనుక 1,000 చదరపు లింకులు ఒక సెంటు. ఇప్పుడు పిల్లలు గీసిన బొమ్మలను చూడుడు. ఒకడు 100కు 100 చేసినాడు. పది సెంట్లు వచ్చినది. ఇంకొకడు 120కి 80 చేసినాడు. తొమ్మిదిన్నర సెంట్లకు పైచిలుకు. మరియొకతె 150కి 50 గీసినది, ఏడున్నర సెంట్లు. చిలిపివాడొకడు 190కి 10 గీసి నవ్వినాడు. రెండు సెంట్లు కూడ నిండలేదు. అందరిదియు అదే త్రాడు, అదే కంచె. చేను మాత్రము పది సెంట్ల నుండి రెండు సెంట్ల లోపునకు దిగిపోయినది.

ఆ చిలిపివాని బొమ్మను చూచి తరగతి నవ్వును. ఆ నవ్వులోనే గణితము ఉన్నది. "అట్లయిన ఇంకను సన్నగా చేసినచో?" అని ఒకరడుగుదురు. "అన్నిటికంటె పెద్దది ఏది?" అని ఇంకొకరడుగుదురు. "మూలలు సమకోణములుగా ఉండవలెనని ఏమి? గుండ్రముగా చుట్టినచో ఎక్కువ రాదా?" అని వెనుక వరుసలో ఎన్నడును నోరు విప్పనివాడు అడుగవచ్చును. వచ్చును, అదే త్రాటితో వృత్తము చుట్టినచో పండ్రెండున్నర సెంట్లకు మించి వచ్చును. ఈ ప్రశ్నలలో ఏ ఒక్కటియు ఉపాధ్యాయుడు అడిగినది కాదు. ప్రశ్న పిల్లవానికి స్వంతమైన నాడు సమాధానము కొరకు వానిని బెదిరింప నక్కరలేదు.

చుట్టుకొలతను చూచి వైశాల్యమును నమ్మరాదను పాఠమును ఈ లెక్క నేర్పుచున్నది. కంచె పొడవును చూపి స్థలమును అమ్మజూపువాడు ఏ కాలమునందైనను ఉండును. చేతిలో త్రాడు పట్టి ఈ తేడాను కన్నులార చూచిన బాలుడు పెద్దవాడైన పిదప వాని చేతిలో మోసపోడు.

భాస్కరుని పరిహాసము

పలు సమాధానములు గల లెక్క అనగా ఏదో క్రొత్త వింత అని తలపవలదు. ఈ దేశమునందు గణితవేత్తలు దీనిని తీవ్రముగా విచారించిన దాఖలా కలదు.

నాలుగు భుజముల చేనునకు వైశాల్యము కట్టుటకు పూర్వులు ఒక మోటు పద్ధతి వాడుచుండిరి. ఎదురెదురు భుజములను కూడి సగము చేయుట, ఆ రెండు సగములను గుణించుట. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతమున దీనిని స్థూలఫలమని పేర్కొని, సూక్ష్మఫలమునకు వేరొక సూత్రము చెప్పెను. తరువాత 1150లో భాస్కరాచార్యుడు తన లీలావతిలో ఇంకొక అడుగు ముందునకు వేసెను. కర్ణమో లంబమో చెప్పకుండ, నాలుగు భుజముల కొలతలు మాత్రమే ఇచ్చి, నిశ్చితమైన వైశాల్యము నడుగువానిని ఆయన పిశాచముతో పోల్చెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పువానిని అంతకంటెను గొప్ప పిశాచమనెను. అంత కోపమునకు కారణమేమి? ఆ ప్రశ్నకు సమాధానము ఒక్కటి కాదు, అనేకములు. అనేకములున్న చోట ఒక్కటే కలదని నమ్మించుటయే తప్పు.

పిల్లలకు ఈ విషయమును మాటలతో చెప్పినచో తలకెక్కదు. సమానమైన నాలుగు పుల్లలను తీసికొని, చివరలను దారముతో వదులుగా కట్టి చేతికియ్యవలెను. నిటారుగా నిలిపినచో చతురస్రము. ఒక మూలను నెమ్మదిగా నొక్కినచో అది ఒరిగి, సన్నగిల్లి, తుదకు పుల్లల కట్టవలె ముడుచుకొనిపోవును. భుజములు మారలేదు, చేను కరిగిపోయినది. ఒక్కొక్క పుల్ల 100 లింకులనుకొన్నచో, నిటారుగా ఉన్నప్పుడు పది సెంట్లు. ఎత్తు సగమగునట్లు ఒరిగినప్పుడు అయిదు సెంట్లు. మోటు పద్ధతి మాత్రము ప్రతి సారియు పది సెంట్లనియే చెప్పును. దీర్ఘచతురస్రము కాని ఏ చేనునకైనను ఆ పద్ధతి ఎక్కువయే చూపును గాని తక్కువ చూపదు. ఎక్కువ చూపినచో లాభము అమ్మువానికి, నష్టము కొనువానికి.

ఇప్పుడు పిల్లలను, "ఈ చట్రము కదలకుండ ఉండవలెనన్న ఏమి చేయవలెను?" అని అడుగుడు. ఎవరో ఒకరు ఎదురెదురు మూలలకు అడ్డముగా ఇంకొక పుల్లను కట్టుదురు. చట్రము బిగిసిపోవును. అదియే కర్ణము. చేను రెండు త్రిభుజములైనది. ఇక వైశాల్యము ఒక్కటే. చేల కొలత పటములలో, అనగా ఆంధ్ర ప్రాంతమున ఎఫ్.ఎం.బి. అనియు తెలంగాణమున టిప్పన్ అనియు వ్యవహరించు కాగితములలో, చేనికి అడ్డముగా గీతలును, వాని నుండి మూలలకు లంబములును గీసి యుండుట చాలమంది చూచియే యుందురు. ఆ గీతలు అలంకారమునకు గీసినవి కావు. అవి లేనిచో ఆ చేను ఒక్క చేను కాదు, వేయి చేలు. నేడు ఉపగ్రహముల సాయముతో కొలుచు యంత్రములు వచ్చినవి. అయినను ఆ యంత్రము చేయుచున్నదేమో తెలిసికొనుటకు నాలుగు పుల్లలును దారమును చాలును.

వాకిటిలోని పాఠము

ముగ్గును గురించి చెప్పవలసినది మరియు కలదు. "ఏడు చుక్కలు, ఒకటి వచ్చు వరకు, సరిచుక్క" అని ఆడువారు చెప్పుకొందురు. అనగా నడుమ వరుసలో ఏడు. పైకిని క్రిందికిని అయిదు, మూడు, ఒకటి. ఈ చుక్కలను నేలపై పెట్టి, "ఒక్కొక్కటిగా ఎంచకుండ మొత్తము ఎన్నియో చెప్పుడు. ఎన్ని విధములుగా చెప్పగలరో చెప్పుడు" అని అడుగవచ్చును.

ఒక బాలిక వరుసలు కూడును: ఒకటి, మూడు, అయిదు, ఏడు, అయిదు, మూడు, ఒకటి, మొత్తము 25. వేరొకడు నడుమ వరుసతో కూడ పై భాగమును విడదీయును: ఒకటి, మూడు, అయిదు, ఏడు కలిపినచో 16, క్రింది భాగము 9. పదునారు నాలుగు నాలుగులు, తొమ్మిది మూడు మూడులు. ఇంకొకతె తల ప్రక్కకు వంచి ఏటవాలుగా చూచి, "ఇందులో రెండు చతురస్రములు ఒకదానిలో ఒకటి అల్లుకొని యున్నవి, ఒకదానికి వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు, రెండవదానికి వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు" అని చెప్పును. సమాధానము ఒక్కటే, చూపులు మూడు. మూడవ చూపు గలవారికి "తొమ్మిది చుక్కలు, ఒకటి వచ్చు వరకు" అను ముగ్గును పెట్టకుండగనే, 25కు 16 కూడి 41 అని తెలిసిపోవును.

ఇక "ఏడు చుక్కలు, నాలుగు వచ్చు వరకు, సందుచుక్క" అను ముగ్గు. నడుమ ఏడు, పైకిని క్రిందికిని ఆరు, అయిదు, నాలుగు. వరుసలు కూడినచో 37. నడిమి చుక్క నుండి చుట్లుగా చూచువానికి ఒకటి, ఆరు, పండ్రెండు, పదునెనిమిది కానవచ్చును. కూడినచో 37. నడిమి చుక్కను విడిచి మిగిలిన దానిని మూడు వాలు పలకలుగా చీల్చి చూచువారికి పండ్రెండేసి చుక్కల పలకలు మూడును, విడిచిన చుక్క ఒకటియు కలిసి 37 వచ్చును. బీజగణితమునందు అక్షరములతో వ్రాయవలసిన సూత్రము ఇక్కడ పిండితో నేలపై కానవచ్చుచున్నది. గణితములో తప్పినదని ఇంటివారు చెప్పుకొను బాలిక ఈ తరగతిలో అందరికంటె ముందుండును. అది ఆమె తల్లిదండ్రులు కన్నులార చూడవలసిన దృశ్యము.

జపాను ఉపాధ్యాయుల పరిశ్రమ

ఈ పద్ధతిని శాస్త్రీయముగా పరీక్షించినవారిలో జపాను దేశపు ఉపాధ్యాయులు ముఖ్యులు. షిమదా షిగేరు అను విద్వాంసుని నాయకత్వమున 1971 మొదలు కొన్ని యేండ్లపాటు వారు బడులలో ఇట్టి ప్రశ్నలు అడిగి చూచి, ఆ అనుభవమును 1977లో గ్రంథముగా వెలువరించిరి. అమెరికాలోని గణితోపాధ్యాయుల జాతీయ మండలి 1997లో దానిని ఆంగ్లమున ప్రచురించెను. అందులోని రెండు ప్రశ్నలు ఏ గ్రామమునకైనను అతుకునవి.

మొదటిది గోళీల ప్రశ్న. ముగ్గురు పిల్లలు తలకు అయిదు గోళీల చొప్పున నేలపై విసిరిరి. ఎవరి గోళీలు తక్కువగా చెదరినవో వారు గెలిచినట్లు. మూడు బొమ్మలు ఎదుట ఉన్నవి. చెదరుటను సంఖ్యతో చెప్పుట ఎట్లు? సాధ్యమైనన్ని విధములు చెప్పవలెను.

ఒకడు బయటి గోళీలను గీతలతో కలిపి ఆ బొమ్మ వైశాల్యము కొలువుమనును. వెంటనే ఇంకొకడు అడ్డు చెప్పును: "గోళీలన్నియు ఒకే వరుసలో బారులు తీరినచో వైశాల్యము సున్న గదా! ఆ మూల నుండి ఈ మూల దాక చెదరినవాడు గెలుచునా?" మొదటివాడు ఆలోచనలో పడును. మరియొకతె చుట్టుకొలత తీయుమనును. వేరొకడు అన్నిటికంటె ఎడముగా ఉన్న రెండు గోళీల దూరము చాలునని చెప్పును. దానికిని లోపము కలదు: నాలుగు గోళీలు ఒక చోటనే ఉండి ఒక్కటి దూరముగా పోయినచో, ఆ ఒక్కదాని తప్పు నాలుగింటికిని అంటును. ఇంకొకడు గోళీలన్నియు పట్టునట్టి మిక్కిలి చిన్న వృత్తము గీయుమనును. ప్రతి జత నడుమ దూరమును కొలిచి అన్నియు కూడుమనువాడు ఒకడు. నడుమ నొక బిందువును నిలిపి, అక్కడ నుండి దూరముల సగటు తీయుమనువాడు ఇంకొకడు. పెద్ద తరగతులలో విచలనమను పేరుతో భయపెట్టు విషయము ఇదియే. ఇక్కడ అది ఆటలోని తగవును తీర్చుకొనుటకు పిల్లలు తామే పుట్టించుకొన్న ఉపాయము. ప్రతి కొలతకును ఒక గుణము, ఒక లోపము కలవని తెలిసినవారు పత్రికలలోని సగటులను, శాతములను చూచి తొందరపడి నమ్మరు.

రెండవది నీళ్ల పెట్టె. పలకలు సరియైన గాజు పెట్టెలో కొంత నీరు పోసి, అడుగు అంచు నొకదానిని బల్లపై కదలకుండ ఉంచి, పెట్టెను మెల్లగా వాల్చవలెను. ఏది మారుచున్నది? ఏది మారకున్నది? ఇంతియే ప్రశ్న.

పెట్టె అడుగు వెడల్పు 20 సెంటీమీటర్లు, నీటి ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకొనుడు. కొంచెము వాల్చినచో ఒక వైపు 12, రెండవ వైపు 8. ఇంకను వాల్చినచో 15, 5. ఎంత ఎక్కినదో అంత దిగినది. రెండును కూడినచో ఎల్లప్పుడును 20. ఎదుటి పలకపై నీటి ఆకారము దీర్ఘచతురస్రము నుండి సమలంబ చతుర్భుజమైనది. వైశాల్యము మాత్రము 200 చదరపు సెంటీమీటర్లే. ఒక వైపు 20కి ఎక్కి, రెండవ వైపు సున్నకు దిగిన పిదప ఇంకను వాల్చినచో త్రిభుజము వచ్చును. అప్పుడు కూడిక నియమము తప్పిపోవును! పిల్లలు తెల్లబోవుదురు. కొలిచి చూచినచో అడుగున తడిసినది 16 అయినప్పుడు గోడపై 25, గుణించినచో 400. మొదట గోడపై 20, అడుగున 20, గుణించినను 400. కూడిక పోయి గుణకారము వచ్చినది. నీరు పెరుగలేదు, తరుగలేదు. ఆకారము మారినప్పుడు నియమము వేషము మార్చినది. ఈ ఆశ్చర్యమును కన్నులతో చూచిన పిల్లవాడు దానిని ఎన్నటికిని మరువడు.

ఇటీవల అమెరికాలో డాన్ మేయర్ అను గణితోపాధ్యాయుడు ఈ దారినే మరియొక తీరున చూపెను. పాఠ్యపుస్తకములోని నీళ్ల తొట్టి లెక్కలో కొలతలన్నియు ముందే ఇచ్చి, చిన్న చిన్న మెట్లుగా విరిచి అడుగుదురు గదా. ఆయన ఆ మెట్లను తీసివేసెను. తొట్టి మెల్లగా నిండుచున్న దృశ్యమును పిల్లలకు చూపి, "ఎంతసేపటికి నిండును?" అను ఒక్క ప్రశ్న మిగిల్చెను. 2010లో చేసిన ఒక ఉపన్యాసమున ఆయన దీనిని వివరించెను. పిల్లలు ముందు అంచనా చెప్పుదురు. పిదప ఏ కొలతలు కావలెనో వారే అడుగుదురు. కొలతలు అడుగుట నేర్చుటయే లెక్కలో సగము. గ్రామములోని మంచినీటి ట్యాంకు క్రింద నిలిచి ఈ ప్రశ్న అడుగుటకు ఏ పరికరమును అక్కరలేదు.

నడుపవలసిన తీరు

ఇట్టి తరగతిని నడుపుట చూచుటకు సులభము, చేయుటకు కష్టము. మొదట బొమ్మను చూపి, "ఏమి కనబడుచున్నది?" అని అడిగి, ఉపాధ్యాయుడు మౌనముగా ఉండవలెను. ఆ మౌనమే అన్నిటికంటె కష్టము. రెండు నిముషములలో ఎవరును పలుకకున్నచో, సమాధానము చెప్పివేయవలెనని నాలుక దురద పెట్టును. ఓర్చుకొనవలెను.

పిదప పిల్లలు చెప్పినవన్నియు, సరియైనవియు కానివియు, నల్లబల్లపై ఎవరి పేరుతో వారివి వ్రాయవలెను. "ఇది ఫలానా అమ్మాయి పద్ధతి" అని పేరు పడినచో ఆ బాలిక ఆ దినము ఇంటికి నడచిపోదు, ఎగిరిపోవును. తరువాత ఆ పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చి, ఏది ఎక్కడ నిలుచునో, ఎక్కడ విరుగునో పిల్లల చేతనే చెప్పింపవలెను. తుదకు ఉపాధ్యాయుడు అన్నిటిని గ్రుచ్చి, "ఈ దినము కనుగొన్నది ఇది, పెద్దలు దీనికి పెట్టిన పేరు ఇది" అని సూత్రమును చెప్పవలెను. ఈ చివరి అంగమును విడిచినచో తరగతి సంతగా మారును. సూత్రము కడపట రావలెను. రాకుండ మాత్రము ఉండరాదు.

కొన్ని ఆక్షేపణలు

ఈ పద్ధతిపై పెద్దలు మూడు ఆక్షేపణలు చేయుదురు. అవి తోసివేయదగినవి కావు.

"ఏ సమాధానము చెప్పినను సరియేనా? అట్లయిన ఏడెనిమిదులు ఏబదియారు కాక ఏబదినాలుగనినను మెచ్చుకొందురా?" అనునది మొదటిది. కాదు. పలు త్రోవలున్నవనుటకు తప్పు త్రోవ లేదని అర్థము కాదు. చెప్పిన ప్రతి మాటకును కారణము చూపవలెను, చూపలేనిచో విడిచిపెట్టవలెను. గోళీల వైశాల్యము చెప్పినవాడు ఎదుటివాని ప్రశ్నతో తన పద్ధతి విరిగినదని ఒప్పుకొనుట నేర్చుకొన్నాడు. ఎక్కములు రాకున్నను పరవాలేదని కూడ ఈ పద్ధతి చెప్పదు. 150ని 50తో గుణింపలేనివాడు తన చేనును ఎదుటివాని చేనుతో ఎట్లు పోల్చగలడు?

రెండవది పరీక్షల భయము. పాఠములు పూర్తికావలెను; పదవ తరగతి పరీక్ష తలుపు తట్టుచుండును; ఒక ప్రశ్నకు ఒక గంట పోయినచో ఎట్లు? నిజమే. అన్ని దినములును ఇట్లే నడుపుమని ఎవరును చెప్పుట లేదు. పక్షమునకు ఒక తరగతి చాలును. ఆ గంటలో పుట్టిన ఆసక్తి మిగిలిన గంటల బరువును మోయును. బాలుని ఆలోచననే గణితమయము చేయుట గణిత బోధనకు ముఖ్య లక్ష్యమని 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రము ప్రకటించినది. గణితమన్న భయమును, ఓటమి భావమును అది గుర్తించినది. కాగితముపై ఉన్న ఆ మాటను తరగతిలోనికి తెచ్చుటకు ఇది ఒక దారి.

మూడవది చురుకైన పిల్లలే మాటలాడుదురు, వెనుకబడినవారు ఇంకను వెనుకబడుదురు అనునది. ఇది గట్టి ఆక్షేపణ. అందుకే బొమ్మ కావలెను. మాటలతో నిండిన లెక్కలో చదువ లేనివాడు మొదటి వాక్యముననే చిక్కుకొనును. బొమ్మలో ప్రవేశించుటకు చదువు అక్కరలేదు. ఎవరును బయట నిలువ నక్కరలేదు. అందరును ముందు కాగితముపై గీసిన పిమ్మటనే మాటలాడవలెనను నియమమున్నచో, చురుకైనవాని నోరు కొంతసేపు ఆగును. మెల్లనివాని చేయి కొంతదూరము నడచును.

లీలావతిని తెరచుట

ప్రాచీన గణిత గ్రంథములను చదివినవారు, అందలి లెక్కలన్నియు బొమ్మలేనని ఎరుగుదురు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున గణితసార సంగ్రహమును రచించెను. పావులూరి మల్లన దానిని తెనిగించి, తెలుగులో శాస్త్రమును పద్యమున చెప్పవచ్చునని నిరూపించెను. లీలావతిలో తుమ్మెదలు, నెమలి, పాము, తామరపువ్వు లెక్కలై నడచివచ్చును. వానిలో ఒక వెదురు కలదు: 32 మూరల వెదురు గాలికి విరిగి, కొన మొదటి నుండి 16 మూరల దూరమున నేలను తాకినది, ఎంత ఎత్తున విరిగినది? సమాధానము 12 మూరలు.

ఇది మూసిన లెక్కయే. దీనిని తెరచుట మిక్కిలి సులభము. ఆ 16 మూరల మాటను దాచివేసి, "32 మూరల వెదురు విరిగి కొన నేలను తాకినది. ఎట్లెట్లు విరిగి యుండవచ్చును? బొమ్మలు గీయుడు" అని అడిగిన చాలును. పిల్లలు చీపురుపుల్లను విరిచి చూతురు. 12 మూరల ఎత్తున విరిగినచో 16 మూరల దూరము. 7 మూరల ఎత్తున విరిగినచో 24. 15 మూరల ఎత్తున విరిగినచో 8. దూరములు 8, 16, 24గా క్రమముగా పెరుగుచున్నవి. ఎత్తులు 15, 12, 7గా మొదట మూడు, పిదప అయిదు తగ్గుచున్నవి. అట్లయిన తరువాత ఏడు తగ్గవలెను గదా! ఏడులో ఏడు పోగా సున్న; దూరము 32. అనగా వెదురు మొదటికంట విరిగి నేలపై పరుండినది. వెనుకకు పోయినచో పదునైదునకు ఒకటి కలిపి 16. సరిగా నడుమ విరిగి కొన మొదలునే తాకినది. మహాకవి పద్యమునకు క్రొత్త అర్థము తోచిన వ్యాఖ్యాతకు కలుగు ఆనందమే, ఈ వరుసను కనుగొన్న పిల్లవానికిని కలుగును.

భాస్కరుడే తన బీజగణితమున సమకోణ త్రిభుజములు నాలుగింటిని చతురస్రముగా పేర్చి కర్ణమును సాధించిన తీరు ఇట్టిదే. మూడు, నాలుగు, అయిదు కొలతల త్రిభుజము వైశాల్యము ఆరు. అట్టివి నాలుగు 24. నడుమ మిగిలిన చిన్న చతురస్రము ఒకటి. మొత్తము 25, అనగా అయిదు అయిదులు. అట్టముక్కలు నాలుగు కోసి ఇచ్చినచో ఏడవ తరగతి పిల్లలు దీనిని తామే పేర్చగలరు.

గ్రంథాలయము చేయదగినది

ఇంతయు విని, ఇది బడివారి పని గదా, గ్రంథాలయమునకు ఏమి సంబంధమని ఎవరైన అడుగవచ్చును. బడికి పరీక్ష కలదు, గంట కలదు. గ్రంథాలయమునకు ఆ రెండును లేవు. ఆదివారము ఉదయము ఈ వరండాయే ఇట్టి లెక్కకు తగిన చోటు. కావలసినది కొన్ని సుద్దముక్కలు, ఒక దారపుండ, చీపురుపుల్లలు, గోళీలు, ఒక చిన్న గాజుపెట్టె. నెలకు ఒక బొమ్మను గోడకు అంటించి, క్రింద ఒక్క ప్రశ్న వ్రాసిపెట్టవచ్చును. ప్రక్కనే ఒక నోటుపుస్తకమును ఉంచి, ఎవరికి తోచిన పద్ధతిని వారు తమ పేరుతో అందు వ్రాయుమని చెప్పవచ్చును. పెద్దలును వ్రాయవచ్చును. త్రాడు పట్టి చేలు కొలిచిన వృద్ధులు, బియ్యము కొలిచిన గృహిణులు, గోడలు కట్టిన మేస్త్రీలు ఈ గ్రామమున కలరు. వారెరిగిన లెక్క ఏ పుస్తకమునందును లేదు. ఈ నోటుపుస్తకములోనికి ఎక్కవచ్చును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చదువ వచ్చినవారికి పుస్తకములు ఇచ్చుచు వచ్చినది. ఇక మీద, లెక్కలు రావని తల వంచుకొని పోవు పిల్లలను కూడ పిలిచి కూర్చుండబెట్టుట దానికి తగిన పని. ముందు వరుసలోని బాలబాలికలకు ఒక పని అప్పగించి ఈ ప్రసంగము ముగియుచున్నది. ఇంటికి పోయి, "తొమ్మిది చుక్కలు, అయిదు వచ్చు వరకు, సందుచుక్క" పెట్టుడు. ఒక్కొక్కటిగా ఎంచవలదు. మొత్తము ఎన్నియో కనుగొని, ఎట్లు కనుగొంటిరో వచ్చు ఆదివారము ఈ వరండాపై గీసి చూపుడు. సమాధానము ఒక్కటే, మీ దారులు ఎన్నియో చూడవలెనని పెద్దలందరును వేచియుందురు.

గ్రంథాలయము దినదినాభివృద్ధి నొందుగాక.